ఎనిమిది మైకులా, రెండా, అసలు డ్రమ్సే వద్దా? తక్కువ ఖర్చులో ఇంటి రికార్డింగ్‌పై ఒక సమీక్ష

ఇంట్లో డ్రమ్స్ రికార్డు చేయడం ఎలా అన్న ప్రశ్నకు ఇవాళ జవాబులు ఎక్కువై, అసలు విషయం చిక్కుబడిపోయింది. ఎనిమిది మైకులు లేనిదే పని మొదలుపెట్టొద్దని ఒక వర్గం అంటుంది. రెండు చాలని ఇంకో వర్గం వాదిస్తుంది. ప్యాడ్ ఉండగా, సాఫ్ట్‌వేర్ ఉండగా అసలు డ్రమ్స్ ఎందుకన్నది మూడో వర్గం మాట. ఎవరి చోట వాళ్లు చెప్పేది నిజమే. కానీ వాళ్ల మనసులో ఉన్న గది వేరు, చేతిలో ఉన్న డబ్బు వేరు, వాయించే పాట వేరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాల్లో ఈ ప్రశ్న ఇంకాస్త పదునుగా ఎదురవుతుంది. ఇక్కడ ఆదివారం ఆరాధనలో డ్రమ్‌సెట్ వాయించేవాళ్లున్నారు, పెళ్లి బ్యాండు వాళ్లున్నారు, డప్పు కళాకారులున్నారు, సొంత ఖర్చుతో జానపద పాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లున్నారు. పెద్ద స్టూడియో కావాలంటే సామాను కట్టుకుని హైదరాబాద్ పోవాలి. సూర్యాపేట నుంచి అది సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచైతే మరో నలభై ఎక్కువ. రానుపోను బండి ఖర్చు, గంటల లెక్కన స్టూడియో అద్దె కలిపితే, ఒక్క పాటకు పెట్టే డబ్బుతో ఇంట్లోనే చిన్న ఏర్పాటు సమకూరుతుంది. అందుకే మూడు వాదాలనూ ఈ ఊళ్ల గదుల్లో నిలబెట్టి చూడాలి.

వెనకటి సంగతి

డ్రమ్స్‌కూ రికార్డింగ్‌కూ మొదట్నుంచీ పడలేదు. 1925 ప్రాంతంలో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చేదాకా వాద్యకారులు పెద్ద గొట్టం ముందు నిలబడి వాయించేవారు. బాస్ డ్రమ్ మోతకు సూది గాడి తప్పేది. అందుకని డ్రమ్స్ వాయించేవాణ్ని గది చివరికి పంపేవారు, లేదంటే చెక్క దిమ్మలతో సరిపెట్టుకొమ్మనేవారు. మైకు వచ్చాక కూడా చాలాకాలం హాలు మొత్తానికీ ఒకటో రెండో మైకులే. మద్రాసులో తెలుగు సినిమా పాటలు తయారైన తొలి దశాబ్దాల్లోనూ గాయకులు, వాద్యబృందం ఒకేసారి పాడి వాయించడమే పద్ధతి. ఎవరి శబ్దం ఎంత వినపడాలన్నది ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాన్నిబట్టి తేలేది.

మలుపు 1960లలో వచ్చింది. 1966లో బీటిల్స్ బృందానికి పనిచేసిన ఇంజనీర్ జెఫ్ ఎమరిక్, స్టూడియో నిబంధనను కాదని మైకును బాస్ డ్రమ్‌కు బాగా దగ్గరగా జరిపాడు. గింగురు తగ్గడానికి డ్రమ్ లోపల ఉన్ని స్వెట్టర్ కుక్కాడు. దగ్గరి మైకుల పద్ధతికి అలా బలం వచ్చింది. ట్రాకులు నాలుగు నుంచి ఎనిమిదికి, పదహారుకు పెరిగేకొద్దీ మైకులూ పెరిగాయి. 1980లో లిన్ ఎల్‌ఎం-1, రోలాండ్ టీఆర్-808 యంత్రాలు వచ్చి మనిషి లేకుండానే దరువు వేశాయి. 1985లో వచ్చిన రోలాండ్ ఆక్టాప్యాడ్ మన దేశంలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఏ కంపెనీ ప్యాడ్‌నైనా ఇప్పటికీ చాలామంది ఆక్టాప్యాడ్ అనే పిలుస్తారు.

ఇంటి రికార్డింగ్ అంటే తక్కువ రకం అన్న అభిప్రాయానికి ఈ చరిత్రలో ఆధారం లేదు. 1959లో డెట్రాయిట్‌లో మొదలైన మోటౌన్ సంస్థ స్టూడియో ఒక మామూలు ఇంటిదే. ఏ.ఆర్.రెహమాన్ 1989లో మద్రాసులో ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో దేశమంతా విన్న 'రోజా' పాటల శబ్దం ఆ పెరటి నుంచి వచ్చిందే.

ఎక్కువ మైకుల వాదం

ఈ వర్గం చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది. కిక్‌కు, అంటే బాస్ డ్రమ్‌కు, ఒకటి, స్నేర్‌కు కిందా పైనా రెండు, హై-హ్యాట్‌కు ఒకటి, టామ్‌లకు రెండు, సింబల్స్ మీద రెండు. ఒక్కో శబ్దం ఒక్కో ట్రాకులో విడిగా ఉంటే తర్వాత దేన్ని పెంచాలన్నా, దేన్ని తగ్గించాలన్నా చేతిలో పని. పాటలో కీబోర్డు, గిటారు, కోరస్ కిక్కిరిసి ఉన్నప్పుడు కిక్, స్నేర్ వాటిని చీల్చుకుని రావాలంటే ఈ పద్ధతికి సాటి లేదు. గది బాగోలేకపోయినా దగ్గరి మైకు గది శబ్దాన్ని తక్కువగా పడుతుంది. ఈ చివరి మాట ఇంటి రికార్డింగ్ వాళ్లకు చాలా ఆశ పెడుతుంది.

ఇబ్బంది డబ్బు దగ్గర మొదలై ఫేజ్ దగ్గర ముదురుతుంది. ఎనిమిది మైకులుంటే ఎనిమిది స్టాండ్లు, ఎనిమిది కేబుళ్లు, మైకులను కంప్యూటర్‌కు కలిపే ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ కావాలి. అదే డబ్బులో సర్దుకోవాలంటే ప్రతిదీ నాసిరకమే వస్తుంది. ఇక ఫేజ్ సంగతి. స్నేర్ మీద ఒక దెబ్బ పడితే ఆ శబ్దం ఒక్కో మైకుకు ఒక్కో సమయానికి చేరుతుంది. శబ్దం సెకనుకు 343 మీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది కాబట్టి, రెండు మైకుల మధ్య అడుగు దూరం తేడా ఉంటే రెండో మైకుకు 0.9 మిల్లీసెకను ఆలస్యం. ఆ రెండింటినీ కలిపినప్పుడు 560 హెర్ట్‌జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్ మధ్య స్థాయి శబ్దం ఉండే చోటది. అక్కడ గుంట పడితే శబ్దం పలచబడుతుంది. మైకులు పెరిగేకొద్దీ ఇలాంటి జంటలూ పెరుగుతాయి. రెండు మైకులకు ఒక జంటే, ఎనిమిదింటికి 28 జంటలు. అనుభవమున్న ఇంజనీర్ చెవితో సర్దుకుంటాడు. కొత్తవాడికి ఎక్కడ చెడిందో కూడా అంతు చిక్కదు.

తక్కువ మైకుల వాదం

డ్రమ్‌సెట్ ఎనిమిది వాద్యాల గుంపు కాదు, ఒకే వాద్యం అన్నది ఈ వర్గం నమ్మకం. 1960ల చివర్లో గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ పేరుతో స్థిరపడిన పద్ధతిలో మైకులు మూడో నాలుగో. సెట్ మీద ఒకటి, ఫ్లోర్ టామ్ పక్క నుంచి హై-హ్యాట్ వైపు చూస్తూ ఒకటి, కిక్‌కు ఒకటి, అవసరమైతే స్నేర్‌కు ఒకటి. మొదటి రెండూ స్నేర్ నుంచి సమాన దూరంలో ఉండాలన్నదే అందులోని కీలకం.

రెండే ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే ఇంకో పద్ధతి ఉంది. దాన్ని కాస్త వివరంగానే చెప్పుకోవాలి. మొదటి మైకును స్నేర్ నడిమధ్యకు సరిగ్గా పైన, రెండు డ్రమ్ పుల్లల ఎత్తులో కిందికి చూస్తూ పెట్టాలి. పుల్ల పొడవు సుమారు 16 అంగుళాలు కాబట్టి ఎత్తు 32 అంగుళాల దగ్గర ఉంటుంది. రెండో మైకును వాయించేవాడి కుడి భుజం వెనక నుంచి స్నేర్ వైపు తిప్పి, అక్కడ కూడా స్నేర్ నుంచి రెండు పుల్లల దూరం ఉండేలా చూడాలి. ఇప్పుడు ఒక పురికొస తాడు తీసుకోవాలి. దాని ఒక కొసను స్నేర్ మధ్యలో, రెండో కొసను కిక్ మీద బీటర్ తగిలే చోట టేపుతో అంటించి, తాడు మధ్యలో పట్టుకుని మొదటి మైకు మూతిదాకా లాగాలి. మైకుకు తగిలిన చోట వేళ్లతో బిగించి పట్టుకుని, ఆ పట్టు సడలకుండా రెండో మైకు వైపు తిప్పాలి. తాడు రెండు పాయలూ బిగుతుగా ఉండగా అదే చోటు రెండో మైకు మూతిని తాకాలి. తాకకపోతే మైకునే జరపాలి. అలా కుదిరితే స్నేర్, కిక్ రెండూ రెండు మైకులకూ ఒకే క్షణంలో చేరతాయి. మిక్స్‌లో ఆ రెండూ నడిమధ్యలో నిలబడతాయి, ఫేజ్ బెడద చాలావరకు తప్పుతుంది. పెట్టుబడి ఒక తాడు ముక్క.

దీనికీ పరిమితులున్నాయి, ఈ వర్గం వాళ్లు వాటిని తరచు దాటవేస్తారు. మైకులు తక్కువైతే బ్యాలెన్స్ వాయించేవాడి చేతిలోకి పోతుంది. హై-హ్యాట్‌ను బాదుతూ స్నేర్‌ను మెల్లగా కొట్టేవాడికి ఈ పద్ధతి అన్యాయమే చేస్తుంది. తర్వాత మిక్సింగ్‌లో సరిచేద్దామంటే కుదరదు. పైగా దూరం మైకు గదినీ వింటుంది, గది బాగోలేకపోతే ఆ లోపమంతా పాటలోకి ఎక్కుతుంది. ఇంకోవైపు, గది బాగుంటే ఏం జరుగుతుందో 1971 నాటి లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్ చెబుతుంది. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పై అంతస్తు మెట్ల దగ్గర రెండు మైకులు వేలాడదీసి ఆండీ జాన్స్ పట్టిన మోతను ఇప్పటికీ ఎంతోమంది అనుకరిస్తున్నారు. మన స్లాబ్ ఇళ్లలోనూ మేడ మీదికి పోయే మెట్ల గది ఉంటుంది. మూడో మైకు కొనే స్తోమత వస్తే దాన్ని ముందుగా పెట్టి చూడాల్సింది ఆ మెట్ల మలుపులోనే.

డ్రమ్సే వద్దనే వాదం

ఈ వర్గాన్ని బద్ధకస్తులని కొట్టిపారేయడం సరికాదు. ప్యాడ్‌ను వైరుతో నేరుగా ఇంటర్‌ఫేస్‌కు కలిపితే గది గొడవ లేదు, పక్కింటివాళ్ల గొడవ లేదు, రాత్రి రెండింటికైనా వాయించొచ్చు. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే డ్రమ్ సాఫ్ట్‌వేర్లలో కూడా పెద్ద స్టూడియోల్లో పట్టిన శబ్దాలుంటాయి. తెలుగు పాటల్లో లూపులు, ప్యాడ్లు దశాబ్దాలుగా వింటున్న చెవికి ఆ శబ్దమే అలవాటు. ఒక రకంగా అదే మన కాలపు శబ్దం. తక్కువ డబ్బుతో, తక్కువ సమయంలో పాట బయటికి రావాలంటే దీన్ని కాదనడం కష్టం.

లోటు హై-హ్యాట్ దగ్గర బయటపడుతుంది. కాలి ఒత్తిడి వెంట్రుకవాసి మారినా హై-హ్యాట్ గొంతు మారుతుంది. మామూలు ప్యాడ్‌లో దానికి రెండు మూడు స్థితులే ఉంటాయి. అందుకే మధ్యే మార్గం ఒకటి పుట్టింది. కిక్, స్నేర్, టామ్స్ ప్యాడ్ మీద వాయించి, హై-హ్యాట్, సింబల్స్ మాత్రం నిజమైనవి మైకులతో పట్టడం. అద్దెకో అరువుకో తెచ్చుకున్న మంచి సింబల్ జత ఉంటే చాలు. ఇంటి రికార్డింగ్‌లో దీనికి రావలసినంత గుర్తింపు రాలేదు.

గది సంగతి

మూడు వాదాలూ మైకుల చుట్టూ తిరుగుతాయి గానీ, ఈ పట్టణాల్లో ఫలితాన్ని తేల్చేది ఎక్కువగా గది, డ్రమ్ స్కిన్. మన ఇళ్లలో గది 10 అడుగులకు 10, స్లాబ్ ఎత్తు కూడా 10. శబ్దానికి ఇంతకన్నా చెడ్డ కొలత లేదు. పదడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 56 హెర్ట్‌జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయితే ఆ మోత మూడింతలు పోగుపడుతుంది. కిక్ డ్రమ్ అడుగు శబ్దం ఉండేదీ సరిగ్గా 50, 60 హెర్ట్‌జ్ ప్రాంతంలోనే. ఒకచోట కిక్ ఊరంతా వినపడేట్టు ఉంటుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది. డ్రమ్‌సెట్‌ను గది నడిమధ్యలో పెట్టకుండా, ఒక మూలకు ఏటవాలుగా తిప్పి, నాలుగైదు చోట్ల వాయించి వినడం మొదటి పని. దానికి పైసా ఖర్చు లేదు.

గోడలకు గుడ్ల ట్రేలు అంటిస్తే శబ్దం బయటికి పోదన్న నమ్మకం ఇంకా ఉంది. ట్రేకు బరువు లేదు. శబ్దాన్ని ఆపేది బరువు, గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ట్రేలు పైస్థాయి గలగలను కొంచెం చెదరగొడతాయి, అంతకుమించి చేసేదేం లేదు. బూరుగు దూది పరుపులు, బొంతలు చాలా నయం. వాటిని గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదిలి నిలబెడితే స్నేర్ వెంట వచ్చే గింగురు, గోడ నుంచి గోడకు కొట్టుకునే టపటప తగ్గుతాయి. అయితే 50 హెర్ట్‌జ్ శబ్దపు అల పొడవు దాదాపు 7 మీటర్లు. నాలుగంగుళాల పరుపు దానికి అడ్డే కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు కదా అని ఊక నింపిన గోనె సంచులు పేర్చే ఆలోచన కొందరికి రావచ్చు. మూసిన గదిలో వైర్ల పక్కన ఊక అంటే నిప్పు ప్రమాదం, ఆ పని వద్దు.

పెంకుటిల్లు ఉన్నవాళ్లకు ఒక మేలుంది. ఏటవాలు కప్పు వల్ల నేలకూ పైకప్పుకూ మధ్య శబ్దం బంతాట ఆడదు. కాకపోతే సందుల్లోంచి శబ్దం బయటికీ పోతుంది, బయటిది లోపలికీ వస్తుంది. రేకుల షెడ్డులో కిక్ కొట్టిన ప్రతిసారీ రేకు కూడా తోడు మోగుతుంది. ఈ మూడింటిలో పాత పెంకుటింటి వసారానే ఎంచుకోదగింది.

బయటి శబ్దం ఇంకో తలనొప్పి. సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది, లారీలకు రాత్రీపగలూ లేదు. మిర్యాలగూడలో వానాకాలం, యాసంగి కోతలయ్యాక రైస్ మిల్లుల మోత ఉంటుంది. ఇవి రెండూ కింది స్థాయి గుర్రుమనే శబ్దాలు. సాఫ్ట్‌వేర్‌లో 40 హెర్ట్‌జ్ కింద కత్తిరిస్తే కొంత పోతుంది, ఇంకా పైకి కత్తిరిస్తే కిక్ కూడా దాంతో పోతుంది. ఇంటర్‌ఫేస్‌లో హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడాలి. చవక రకం ఇన్వర్టర్ మీద కరెంటు నడుస్తున్నప్పుడు రికార్డింగ్ పెట్టుకోకూడదు, అది చేసే బర్రుమనే శబ్దం తర్వాత పోగొట్టలేం.

మన శబ్దం బయటికి పోయే సంగతీ ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు. డ్రమ్‌సెట్ గదిలో తేలిగ్గా 100 దాటుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అందులో సగం దాకా ఆపగలదు, కానీ మామూలు తలుపు, కిటికీ పాతికకు మించి ఆపలేవు. కాబట్టి డబ్బు పెడితే గోడ మీద కాదు, తలుపు సందుల మీద, కిటికీ మూత మీద పెట్టాలి. వేసవిలో అలా మూసిన గదిలో ఫ్యాను కూడా ఆపి వాయించడం ఒంటికి మంచిది కాదు. ఈ ఊళ్లలో డ్రమ్స్ రికార్డింగ్‌కు కాలం కార్తీకం నుంచి మాఘం దాకా, వేళ పొద్దుటిపూట.

డప్పు, భేరీ అడిగే ప్రశ్న

చర్చంతా డ్రమ్‌సెట్ చుట్టూ సాగినా, ఈ ప్రాంతానికి సొంతమైన తోలు వాద్యాలు వేరు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలో యాదవుల భేరీల చప్పుడు విన్నవాళ్లకు, ఆ మోతను ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదని వేరే చెప్పక్కర్లేదు. ఎవరో పట్టి పెడితే తప్ప అది కంప్యూటర్‌లోకి రాదు. డ్రమ్సే వద్దనే వాదం ఇక్కడ ఆగిపోతుంది.

1957 నుంచి డ్రమ్‌సెట్లకు ప్లాస్టిక్ స్కిన్లు వచ్చాయి, వానకూ ఎండకూ పెద్దగా మారవు. డప్పుకు అలా కాదు. మంట దగ్గర కాచి, తోలు బిగిసి కణకణమన్నాక వాయిస్తారు. చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది. మొదటి టేక్‌కూ మూడో టేక్‌కూ గొంతు మారిపోతే రెండింటినీ అతికించడం కుదరదు. అందుకని మైకులు, లెవెళ్లు అన్నీ ఇంకో డప్పుతో ముందే సరిచూసుకుని, అసలు డప్పును చివర్లో కాచి, ఏకబిగిన వాయించాలి. మైకు ఎదురుగా ఒకటి, మూడు నాలుగు అడుగుల దూరంలో. ఎడమచేతి చిటికెన పుల్ల చిటపట, కుడిచేతి సిర్ర గుమ్ము రెండూ కలిసి వినిపించేది ఆ దూరంలోనే. మరీ దగ్గరికి జరిపితే ఒక్క పుల్లే వినపడుతుంది. డప్పు చేసే గాలి తాకిడికి చవక కండెన్సర్ మైకు తట్టుకోలేక శబ్దం చిట్లుతుంది, పాటగాడి కోసం కొన్న మామూలు డైనమిక్ మైకే నయం. ఫోన్‌తో పట్టేవాళ్లు ఇంకా దూరం జరగాలి. ఫోన్ తనంతట తాను శబ్దాన్ని తగ్గించి పెంచే ఏర్పాటును ఆపగలిగే యాప్ వాడకపోతే, దరువు మధ్య ఖాళీలన్నీ రొదతో నిండిపోతాయి. భేరీని గదిలో పెట్టి పట్టాలనుకోవడమే పొరపాటు. అది ఆరుబయటి వాద్యం, లారీల మోత లేని పొలం గట్టు మీద పదడుగుల దూరం నుంచి రెండు మైకులతో పట్టడం మేలు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఖర్చులో ఎక్కువ మైకుల పద్ధతి అన్నిటికన్నా పైన ఉంటుంది. దాని ఫలితం ఇంజనీర్ చేతిలో ఉంటుంది. రెండు మైకుల పద్ధతికి ఖర్చు తక్కువ, ఫలితం వాయించేవాడి చేతిలోనూ గదిలోనూ ఉంటుంది. ప్యాడ్, సాఫ్ట్‌వేర్ పద్ధతికి గదితో పనే లేదు, కానీ ఆ శబ్దం అందరి దగ్గరా ఉన్నదే. కిక్కిరిసిన సినిమా ఫక్కీ పాటకు మొదటిది, నాలుగు వాద్యాల ఆరాధన గీతానికి, జానపదానికి రెండోది, గడువు తరుముతున్న పనికి మూడోది నప్పుతాయి.

పాతిక, ముప్పై వేల లోపు చేతిలో ఉన్నవాళ్ల విషయంలో ఈ వ్యాసకర్త మొగ్గు రెండు మైకుల వైపే. అందులోనూ డబ్బు పెట్టే వరుస ముఖ్యం. ముందు కొత్త స్కిన్లు, ట్యూనింగ్ తాళంచెవి, గంటల తరబడి ట్యూనింగ్ సాధన. తర్వాత రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్. ఆ తర్వాత గట్టి స్టాండ్లు, చివర్లో మైకులు. నలిగిపోయిన స్కిన్ మీద ఖరీదైన మైకు పెడితే నలిగిపోయిన శబ్దమే స్పష్టంగా వస్తుంది. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది, ముందు మైకు కొని స్కిన్ మార్చడం మరిచిపోతున్నారు.

ఇంకా తేలనివి

క్లిక్, అంటే చెవిలో మోగే తాళపు టిక్కు, పెట్టుకుని వాయించాలా వద్దా అన్నది డప్పు దగ్గర బొత్తిగా తేలలేదు. ఊరేగింపు దరువు సహజంగా వేగం అందుకుంటూ పోతుంది. క్లిక్‌కు కట్టేస్తే తర్వాత కీబోర్డు, కోరస్ కలపడం తేలిక, కానీ ఆ ఊపు చచ్చిపోతుంది. క్లిక్ లేకుండా వదిలేస్తే మిగతా వాద్యాలు దాని వెంట పరుగెత్తాలి. ఒక్కో వాద్యం విడివిడిగా పట్టే ఇంటి పద్ధతిలో అది అందరివల్లా అయ్యే పని కాదు.

సొంతంగా పట్టిన దెబ్బలను శాంపిల్స్‌గా దాచుకునే విషయంలోనూ అభిప్రాయాలు కుదరలేదు. కాచిన డప్పును వేడిమీద, నులివెచ్చగా, చల్లారాక మూడు దశల్లో పట్టి పెట్టుకుంటే ఏ కాలంలోనైనా వాడుకోవచ్చని కొందరి వాదన. ఆ శాంపిల్స్ చేతులు మారి ఎక్కడో ఒక పాటలో మోగినప్పుడు వాయించిన కళాకారుడికి దక్కేదేమిటన్నది ఇంకొందరి ప్రశ్న. ఒక్కో దెబ్బ విడిగా పట్టించుకునే ముందే దాని వాడకానికి ఎంత, ఎన్ని పాటలకు అన్నది కాగితం మీద రాసుకునే అలవాటు ఇంటి స్టూడియోల్లో ఇంకా రాలేదు. రెండు మైకులూ ఒక తాడు ముక్కా సమకూర్చుకున్నవాళ్లు దాంతోపాటు ఆ కాగితం కూడా సిద్ధం చేసుకోవాలి.